జీవరత్నం మేస్త్రి కడుపుమంట

జీవరత్నం మేస్త్రికి కుళ్ళు ఎక్కువని ఆళ్లగడ్డలో ఎవరినడిగినా చెప్తారు. ఆయన పెండ్లాం బాలమ్మయితే అడగకముందే చెప్తుంది. ఇంకొకరు కట్టిన గోడ తీరుగా లేచిందంటే ఆ పూట ఆయనకు అన్నం దిగదు. నంద్యాల నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన బస్టాండు దగ్గర మిద్దె కడితే జనం పోయి చూసి మెచ్చుకున్నారు. ఈయన రోడ్డుకు అవతల పక్క నిలబడి, ఒక కన్ను మూసి, గోడ అంచు వెంబడి చూసి, "బాగనే ఉండాది, కాకుంటే మూల తిరిగింది" అని వచ్చేసినాడు. మూల తిరగలేదు. తిరగలేదని ఆయనకూ తెలుసు.

అట్లని చెడ్డ మనిషేం కాదు. చేతిలో పనితనం ఉంది. మిషను బడిలో ఐదో తరగతి అయిపోతూనే మేనమామ వెంట బేతంచెర్లకు పోయి బండలు మోసినాడు, బండలు పరిచినాడు, రాయి మీద రాయి నిలబెట్టడం నేర్చుకున్నాడు. ఆ కాలంలో ఇండ్లంటే రాతి గోడలు, పైన దూలాలు, దూలాల మీద బండలు, ఆ పైన మట్టి. ఆ పనిలో ఆయనకు వంక పెట్టేవాళ్ళు లేరు. తర్వాత మా పక్కకు కాంక్రీటు వచ్చింది. రాతి మేస్త్రీలు చాలామంది మాకొద్దులే అని తప్పుకున్నారు. జీవరత్నం తప్పుకోలేదు. ఎవరో స్లాబు పోస్తాంటే పోయి నాలుగు దినాలు చూసి, "ఓస్, ఇంతేగదప్పా" అని తానూ పోయడం మొదలుపెట్టినాడు. ఆ "ఓస్ ఇంతేగదా" మీదనే ఊర్లో చాలా స్లాబులు నిలబడినాయి. దేవుడి దయ అనుకోండి, ఇనుము దండిగా వేసే అలవాటు అనుకోండి, మీ ఇష్టం.

ఆయనకు ఒక్కతే కూతురు, దెబోరా. ఇసుక కుప్పల మీద ఆడుకుని పెరిగిన పిల్ల. బడి లేని దినం నాయన వెంట పనికాడికి పోయేది. గోడ నిలువుగా లేస్తాందో లేదో చూసేదానికి దారానికి కట్టిన ఇనుప గుండు ఉంటుంది కదా, ఆ గుండుదారం జీవరత్నం ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు, కూతురికే. పిల్ల దారం పట్టుకుని "లోపలికి నాయనా, ఇంకొంచెం, ఆ, సరిపాయ" అంటాంటే ఆయన మొకం చూడాల! గుడిలో పాస్టరయ్య వాక్యం చెప్పేటప్పుడు గూడా అంత శ్రద్ధగా వినింది లేదు.

1979లో దెబోరా పది పాసయింది. లెక్కల్లో మంచి మార్కులొచ్చినాయి. పేటలో అందరిదీ ఒకటే మాట, టీచరు ట్రైనింగు పెట్టమని. లూదియా టీచరమ్మ ఇంటికొచ్చి మరీ చెప్పింది. "ఆడపిల్లకు బడి ఉద్యోగం మర్యాదగా ఉంటాది జీవరత్నం, నా మాట విను" అనింది. జీవరత్నం తాపీ కడుక్కుంటా, "టీచర్లు మన పేటలో గడపకొకరుండారు టీచరమ్మా. నా కూతురు కట్టడం చదువుతాది" అన్నాడు. చదువుతాది అంటే చదువుతాది, అంతే. పంచె మార్చుకుని, పిల్లను బస్సెక్కించుకుని, నంద్యాలకు పోయి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాలో చేర్పించి వచ్చినాడు. క్లాసులో ఆడపిల్లలు ఇద్దరే. చేర్పించింది ఆయనే, పట్టుబట్టింది ఆయనే. తర్వాత జరిగినదానికి ఇంకొకరిని అనేదానికి లేదు.

ఆయన మనసులో ఒక బోర్డు ఉండేది. నంద్యాల బజారులో బట్టలంగడి మీద ఎవరో సేటు పేరు, పక్కన "అండ్ సన్స్" అని ఉండేది. కొడుకులుంటే బోర్డు పెట్టుకుంటారు, కూతురుంటే పెట్టుకోగూడదా ఏం? "జీవరత్నం అండ్ డాటర్, కట్టడం పనులు." ఇట్ల అనుకున్నప్పుడల్లా ఆయనకు లోపల్లోపల నవ్వొచ్చేది. పిల్ల మూడేండ్లు చదివి వస్తాది, కాగితం మీద గీత గీస్తాది, ఆ గీత మీద తాను గోడ లేపుతాడు. బాలమ్మకు గూడా చెప్పలేదు ఆ మాట. చెప్తే నవ్వుతాదని.

దెబోరా మిషను హాస్టల్లో ఉండేది. శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చి సోమవారం పొద్దున పోయేది. మొదట్లో బాగనే ఉండె. పిల్ల పుస్తకంలోవి చెప్తాంటే నాయన బువ్వ తినడం మానేసి వినేవాడు. అంతలో సార్ వచ్చినాడు ఆ మాటల్లోకి.

"నాయనా, ఇటుకలు తడపకుండా పెట్టగూడదన్నాడు మా సార్."

"నేనెప్పుడు పెట్టినా తడపకుండా?"

"పెట్నావని యాడన్నా? సార్ చెప్పినాడంటాండా."

మా సార్ కంకర కడగాలన్నాడు. మా సార్ సిమెంటు మాలులో నీళ్ళు ఎక్కువ పోయొద్దన్నాడు. మా సార్ నవ్వితే క్లాసంతా నవ్వుతాదంట. మా సార్‌ది బండి ఆత్మకూరు, భూములుండే కుటుంబమంట, సేద్యం అన్నదమ్ములకు ఇడ్సిపెట్టి పాఠం చెప్పేదానికి వచ్చినాడంట. ఆయన పేరు శేషయ్య. శనివారం బస్సు దిగింది మొదలు సోమవారం బస్సెక్కేదాకా శేషయ్య సార్, శేషయ్య సార్. పులుసులో ఉప్పు తక్కువైతే దానికి గూడా సార్ ఏమన్నాడో చెప్తాదేమో అనిపించేది జీవరత్నానికి.

కడుపు మండేది ఆయనకు. ఇటుకలు తడపాలని చిన్నప్పటి నుంచి చెప్పింది తానే కదా! ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టుకుని, చేతికి చెయ్యి ఆనించి, ఇట్లమ్మా, ఇట్ల అని చెప్పినాడే! అది యాడికి పాయ? నాయన చెప్తే అది గాలి మాట, సార్ చెప్తే అది వేదవాక్కు. ఆ వాక్కు మళ్ళా తన ఇంట్లో, తన పీట మీద కూర్చుని, తన పెండ్లాం వండిన బువ్వ తింటా వినాల. ఎవరికి పట్టింది ఈ ఖర్మ?

బాలమ్మ కనిపెట్టింది. కనిపెట్టకుండా ఉండే మనిషా ఆమె? "ఏందయ్యా, సార్ పేరెత్తితే సవతి ఇంట్లోకి వచ్చినట్ల మొకం పెడ్తాండావ్?" అనింది.

"నీ నోరు మూసుకో."

"మూసుకుంటాలే. నీ మొకం గూడా మూసుకో, పిల్ల చూస్తాది."

రెండో సంవత్సరంలో ఒక దినం సిమెంటు కోసమని నంద్యాలకు పోయినాడు. కాళ్ళు సిమెంటు దుకాణం దోవ పట్టకుండా పాలిటెక్నిక్ దోవ పట్టినాయి. సార్‌ను చూడాల, అంతే. లావుగా, నల్లద్దాలు పెట్టుకుని, పొట్ట ముందరేసుకుని ఉంటాడనుకున్నాడు. అట్ల ఉండి ఉంటే ఎంత బాగుండు!

గేటు లోపల మైదానంలో పిల్లలు సర్వే చేస్తాండారు. మూడు కాళ్ళ పీట మీద దుర్బిణీ పెట్టినారు. ఎర్రటి ఎండ. సన్నగా, పొడుగ్గా ఒకాయన గొడుగు పట్టుకుని నిలబడినాడు. గొడుగు తన నెత్తి మీద పట్టుకోలేదు, దుర్బిణీకి ఎండ తగలకుండా పట్టుకున్నాడు. ఆ దుర్బిణీలో కన్ను పెట్టి చూస్తాండేది దెబోరా. చూస్తా చూస్తా ఏదో అనింది. ఆయప్ప నవ్వినాడు. పిల్ల గూడా నవ్వింది. ఇంట్లో ఎప్పుడూ అట్ల నవ్వింది లేదనిపించింది జీవరత్నానికి. నవ్విందో లేదో, ఆ ఘడియకు ఆయనకు అట్లనే అనిపించింది.

గేటు చువ్వలు పట్టుకుని ఎంతసేపు నిలబడినాడో. నేనేమిచ్చినా పిల్లకు? దారానికి కట్టిన ఇనుప గుండు. ఈయప్ప దుర్బిణీ ఇచ్చినాడు. కిలోమీటరు అవతల ఉండేది కంటి ముందరికి తెచ్చిపెట్టినాడు. నా గుండు యాడ, ఆ దుర్బిణీ యాడ! లోపలికి పోకుండా, కూతురిని పలకరించకుండా వెనక్కి తిరిగినాడు. ఆళ్లగడ్డలో బస్సు దిగినాక గానీ సిమెంటు సంగతి గుర్తుకు రాలేదు.

1982 వచ్చింది. దెబోరా డిప్లొమా ఫస్టు క్లాసులో పాసయింది. బోర్డు ఏ రంగులో రాయించాల్నా అని జీవరత్నం ఆలోచన చేస్తాండాడు, నీలమా, ఎరుపా అని. ఆ సాయంత్రమే పిల్ల ఆయన ముందర కూర్చుని, "నాయనా, ఒక మాట" అనింది. మాట వినకముందే ఆయనకు తెలిసిపాయ, ఆ మాట ఎవరిదో.

"అనంతపురంలో ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాది. డిప్లొమా చదివినోళ్ళకు కొన్ని సీట్లుంటాయంట. సార్ నన్ను పొమ్మంటాండాడు."

"డిప్లొమా చాల్లేదా?"

"డిప్లొమాతో ఒక గోడ కాడ నిలబడొచ్చు నాయనా. పెద్ద పనంతా నడిపించాలంటే డిగ్రీ కావాల. ఏ పని ముందర, ఏది వెనక, కూలోళ్ళు ఎంతమంది, సామాను ఎప్పుడు రావాల, వాన పడితే ఏం చేయాల, ఇదంతా ఇప్పుడు ఒక చదువేనంట. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అంటారంట. డిగ్రీలో ఆ పక్కకు పొమ్మన్నాడు సార్. లెక్కలు గీతలు చేసేవాళ్ళు దండిగా ఉండారు, పని నడిపించేవాళ్ళు తక్కువ, నీకది వస్తాది అన్నాడు."

జీవరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమంటివి? పని నడిపించేదానికి డిగ్రీనా? మరి నేను ఇన్నేండ్లు చేస్తాండేదేంది, గోలీలాటా? కూలోళ్ళను పిలిచేది నేను, ఎవురి చేత ఏం చేయించాలో చూసేది నేను, మబ్బు చూసి పట్టలు కప్పించేది నేను! రేపు బువ్వ తినేదానికి గూడా డిగ్రీ పెడ్తారు మీ సార్‌లు!"

"నువ్వు చేసేదే నాయనా. దాన్నే ఇంకా పెద్దగా..."

"నేను చేసేదే అయితే నా కాడ నేర్చుకో! అనంతపురం ఎందుకు?"

దెబోరా తల వంచుకుని గోరు గిల్లుకుంటా కూర్చునింది. "వచ్చే వారం లోపల పోయి చేరాల. సీటు కోసం సార్ తోడొస్తానన్నాడు. నువ్వు సరే అంటేనే తీసుకుపోతాడంట, లేకుంటే లేదంట. ఆదివారం ఈడికొచ్చి నీతో మాట్లాడతాడంట" అనింది. అంటే ఆ పిల్ల చదువు ముందరికి పోతాదో, ఆడికే ముగుస్తాదో ఆదివారం తేలాల. తేల్చేది జీవరత్నం నోరు.

రానీ! వస్తే రానీ! రాత్రంతా నిద్రపోలేదని చెప్పను గానీ, పొద్దునకల్లా ఆయన మనసులో ఒక ఎత్తు తయారైంది. అప్పుడు రామసుబ్బమ్మ ఇంటి పని నడుస్తాంది. వేరుసెనగ పండించే ఇల్లు, నోరు పెద్దది, చేయీ పెద్దదే. ఆమె ఇంటి ముందర వసారాకు జీవరత్నం కొత్తగా స్లాబు పోసినాడు. అంత వెడల్పు స్లాబు, నడుమ ఒక్క స్తంభం లేకుండా, ఆ వీధిలో ఇంకెవరికీ లేదు. కింద చెక్కలు, వాటి కింద స్లాబు గట్టిపడేదాకా మోసే కట్టెలు ఇంకా నిలబడే ఉండాయి. ఆ కట్టెలు తీసేసి, ఊడ్పించి, నీళ్ళు చల్లించి, ఆ స్లాబు కిందనే కుర్చీ వేసి కూర్చోబెట్టాల ఆ సార్‌ను. పైకి చూడు సార్, దీనికి ఏ డిగ్రీ చదివినానో చెప్పు అని అడగాల. అడిగితే ఆయప్ప మొకం ఎట్లుంటాదో చూడాల!

శనివారం కట్టెలు కొట్టేసేదానికి సుత్తె చేతికి తీసుకున్నాడు. సెలవులని దెబోరా గూడా పనికాడే ఉంది. పరిగెత్తుకుంటా వచ్చింది.

"నాయనా, వద్దు! నడుమ స్తంభం లేదు, మూడు వారాలన్నా ఉండాల. పోసి వారం గూడా కాలేదు కదా."

"ఎవరు చెప్పినారు?"

పిల్ల ఒక్క ఘడియ ఆగింది. అబద్ధం చెప్పి ఉంటే పోయేది. పుస్తకంలో ఉండాది అన్నా పోయేది. "సార్ చెప్పినాడు" అనింది.

ఆ మాట విన్నాక ఆగుతాడా? "మీ సార్ ఎప్పుడన్నా ఒక కట్టె పాతినాడా, ఒక కట్టె పీకినాడా? నాకు తెల్దా నా స్లాబు?" అని మొదటి కట్టెను ఒక్క దెబ్బ కొట్టినాడు. నిజం చెప్పాలంటే ఆయనకూ లోపల బెదురుంది. ఇంకో వారం ఉంచుదామనే ఆయన మొదట అనుకున్నది. సార్ పేరు వినబడకపోతే ఉంచేవాడే. ఒక్కొక్క కట్టె కొడ్తాంటే దెబోరా పక్కనే నిలబడి చూసింది. సాయంత్రానికి వసారా ఖాళీ అయింది. స్లాబు నిలబడింది. "చూడు" అన్నాడు కూతురితో. పిల్ల చూడలేదు.

ఆదివారం ఆరాధన అయిపోయి గుడి బయటికి వస్తాంటే రామసుబ్బమ్మ కేకలు వీధి చివరికే వినబడినాయి. నాయనా కూతురూ ఉరికినారు. స్లాబు నడుమ నులకమంచం వాలినట్ల వాలింది. అడుగున ఈ గోడ నుంచి ఆ గోడకు బీట. ఎవరి మీదా పడలేదు, అదొక్కటే దేవుడు మిగిల్చిన మేలు.

"ఒరే జీవరత్నమా! నా కొంప మీద ఇట్ల చేసినావు గదరా! నీ చేతులు పడిపోనూ!" అని రామసుబ్బమ్మ తిడ్తాంటే జీవరత్నానికి ఒక్క మాట చెవికెక్కలేదు. ఆయన కండ్లు వీధిలో ఉన్నాయి. బస్టాండు పక్క నుంచి, చేతిలో మడిచిన గొడుగుతో, సన్నగా పొడుగ్గా శేషయ్య సార్ వస్తాండాడు. ఆ దినం, ఆ ఘడియకే రావాల్నా ఆయప్ప!

సార్ వచ్చి నమస్కారం పెట్టి తల పైకెత్తినాడు. వాలిన స్లాబును చూసినాడు, మూలకు పడేసిన కట్టెలను చూసినాడు. "ఎప్పుడు పోసినారు? కట్టెలు ఎవరు తీయమన్నారు?" అన్నాడు.

జీవరత్నం నోరు తెరవకముందే దెబోరా ముందరికొచ్చింది. "నేనే సార్. దినాల లెక్క తప్పినా. నాయన అడిగితే తీయొచ్చు అని చెప్పినా."

రామసుబ్బమ్మ గూడా తిట్లు ఆపి పిల్లను చూసింది. ఏమంటాంది ఈ పిల్ల?

శేషయ్య సార్ మొకం నల్లబడింది. "మూడేండ్లు నేర్పించింది ఇదా? లెక్క తప్పితే కాగితం మీద కొట్టేయొచ్చు, దీన్నెట్ల కొట్టేస్తావ్? దీని కింద మనుషులు కూర్చునేవాళ్ళు కదా! నేను నిన్ను పని నడిపించే చదువుకు పంపాలనుకుంటి. ఇట్ల తొందరపడే మనిషిని అనంతపురానికి ఏ మొకం పెట్టుకుని తీసుకుపోయేది?" అన్నాడు. అని గొడుగు చంక మార్చుకున్నాడు, వెనక్కి పోయేవాని మాదిరి.

వినండి మరి జీవరత్నం మనసులో ఏం జరిగిందో. ఆయన గెలిచినాడు. ఒక్క మాట మాట్లాడాల్సిన పని లేదు. ఊరికే నిలబడితే చాలు, సార్ వెళ్ళిపోతాడు, పిల్ల ఉండిపోతాది. సార్‌కు పిల్ల మీద నమ్మకం పోయింది, పిల్లకు సార్ లేకుండా పోయినాడు. ఇంక ఇంట్లో ఆ పేరు వినబడదు. బోర్డు నీలం రంగులో రాయించుకోవచ్చు. మూడేండ్ల మంట ఒక్క ఘడియలో చల్లారిపోతాది. ఊరికే నిలబడు జీవరత్నమా, ఊరికే నిలబడు! ఊరికే నిలబడినాడు గూడా. సిగ్గు లేకుండా నిలబడినాడు.

సార్ రెండడుగులు వేసి ఆగినాడు. ఆగి, కోపం పట్టలేక, ఈసారి జీవరత్నం మీదికి తిరిగినాడు.

"మేస్త్రీ, మిమ్మల్ని చూసేది ఇదే మొదలు. కానీ మీ మీద నాకు మూడేండ్ల నుంచి కోపం ఉండాది. దాచుకునేదెందుకు, చెప్తా వినండి. నేను క్లాసులో ఏ పాఠం చెప్పినా ఈ పిల్ల లేస్తాది. మా నాయన ఇట్ల చేయడు సార్. మా నాయన చేతికి రాయి తగిలితే అది యాడ కూర్చోవాలో చెప్తాడు సార్. మా నాయన మబ్బును చూసి పని ఆపుతాడు సార్. నేను బోర్డు మీద రాస్తాంటే పిల్లలు నవ్వేది. ఇంక వాళ్ళ నాయననే పిలిపించండి సార్ అనేవాళ్ళు. ఇంటికి పోతే నా పెండ్లాం అడిగేది, ఏమైంది మీకు అని. ఏం చెప్పేది? ఎవరో ఆళ్లగడ్డ మేస్త్రి నా క్లాసు లాక్కున్నాడని చెప్పేదా? మీ పేరు వింటే ఒళ్ళు మండేది నాకు! ఈ దినం గూడా నేను వచ్చింది పిల్ల చదువు కోసమొకటే కాదు. ఆ నాయనెవరో చూద్దామని వచ్చినా."

జీవరత్నం కూతురిని చూసినాడు. దెబోరా మొకం ఎర్రగా అయిపోయింది, కట్టెల పక్క చూస్తాంది, సార్ ఇట్ల బయటపెట్టినాడే అని.

"మరి ఇంట్లో..." అని మొదలుపెట్టినాడు జీవరత్నం. కూతురి పక్క నుంచి సార్ పక్కకు తిరిగినాడు. "ఇంట్లో మీ పేరే సార్. బువ్వ కాడ మీ పేరు, నీళ్ళ కాడ మీ పేరు. నాకూ అంతే మండింది."

సార్ చంకలో గొడుగు తీసి నేలకు ఆనించినాడు.

"కట్టెలు పీకింది నేను" అన్నాడు జీవరత్నం. "పిల్ల అబద్ధం చెప్తాంది. వద్దు నాయనా అని పరిగెత్తుకుంటా వచ్చింది. మూడు వారాలుండాల అనింది. ఎవరు చెప్పినారంటే మీరు చెప్పినారనింది. మీరు చెప్పినారనే పీకినా సార్. లేకుంటే పీకేవాణ్ణి కాదు."

మొదట తేరుకునింది రామసుబ్బమ్మ. "మీ ఇద్దరి కడుపుమంటకు నా వసారానే దొరికిందేందప్పా!" అనింది. అప్పటిదాకా వచ్చి గుమికూడిన జనం నవ్వినారు. శేషయ్య సార్ గూడా నవ్వాలని చూసినాడు గానీ నవ్వు సరిగా రాలేదు. జీవరత్నం నవ్వలేదు. స్లాబు పడగొట్టి తన సొంత ఖర్చుతోనే మళ్ళా పోస్తానని రామసుబ్బమ్మకు మాటిచ్చి, కూతురి పక్క తిరిగి, "నీ పెట్టె సర్దుకో పోమ్మా" అన్నాడు. దెబోరా కదలకపోతే, "బేగా పో, వారమే ఉందంటివి కదా" అని గదిమినాడు.

వసారా రెండోసారి పోసేదానికి సార్ గూడా వచ్చి నిలబడతానన్నాడు. జీవరత్నం వద్దన్నాడు. వద్దన్నాడంటే మరీ అంత మారిపోలేదని మీకు తెలియాల కదా. కానీ కట్టెలు ఎప్పుడు తీయాల్నో కూతురు ఊరికి పోకముందే అడిగి పెట్టుకుని, ఆ దినం దాకా ఒక్క కట్టెను ముట్టలేదు.

అనంతపురం పోయే దినం నంద్యాల స్టేషనుకు అందరూ వచ్చినారు. డోన్‌లో దిగి ఇంకో బండి ఎక్కాల. సార్ టికెట్లు తెచ్చేదానికి పోయినాడు. బాలమ్మ పెట్టె మీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకునింది. జీవరత్నం కూతురి పక్కన నిలబడి పట్టాల పక్క చూస్తాండాడు.

"ఆ కాలేజీలో గూడా సార్లుంటారా?"

"ఉంటారు నాయనా. దండిగా ఉంటారు."

"వాళ్ళకు గూడా చెప్తావా, నా సంగతి?"

దెబోరా నవ్వింది. "చెప్తా. అన్నీ చెప్తా."

"స్లాబు వాలింది గూడానా?"

బండి కూత దూరంగా వినబడింది. శేషయ్య సార్ టికెట్లు చేతిలో పట్టుకుని వస్తాండాడు. జీవరత్నం బేగా వంగి, కూతురి చెవి దగ్గర నోరు పెట్టినాడు.

"చెప్పు. చెప్పాల్సిందే. కానీ సార్ మాట వినలేదని చెప్పొద్దు. కూతురు చెప్తే వినలేదని చెప్పు."